బాపు నూరిన ఆకు

షుగరు వచ్చి పదేళ్ళు దాటినవాళ్ళు ఏడాదికోసారి పాదాలు చూపించుకోవాలని చెబితే, పోయిన నెల హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా చిన్నమ్మాయి ఈడు పిల్ల. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పెన్నులాంటి పిడికి బిగించిన సన్నని నైలాన్ పోగు చూపించి, "కళ్ళు మూసుకోండమ్మా, పాదానికి తగిలినప్పుడల్లా చెప్పండి" అన్నది. మూసుకున్నాను. బొటనవేలి కింద తగిలింది, చెప్పాను. చిటికెన వేలి మొదట్లో తగిలింది, చెప్పాను. మడమ మీద తగిలింది. కుడికాలు అయిపోయి ఎడమకాలికి వచ్చేసరికి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "నొప్పిగా ఉందా అమ్మా?" అని ఆ పిల్ల కంగారుపడింది. "లేదు బిడ్డా, అన్నీ తెలుస్తున్నాయి" అన్నాను. స్పర్శ బాగున్నందుకు ఏడ్చే మనిషిని ఆమె అదివరకు చూసి ఉండదు. కాగితం మీద ఏదో రాసిచ్చి పంపింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు నా కాళ్ళు గుర్తుకు రాలేదు. మా భాగ్యక్క ఎడమ పాదం, దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్న మా నాన్న, మా బాపు, ఆ దృశ్యమే కళ్ళ ముందు ఉంది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. ఇక రాయకపోతే నాతోనే పోతుందని అనిపించింది.

మా ఇల్లు హనుమకొండకు దగ్గరే, కాశిబుగ్గలో. రెండు గదులు, ముందు వసారా, వెనక చిన్న వాకిలి, వాకిట్లో గంజి కాచే పొయ్యి. ముందు గదంతా మగ్గమే. నేలలో గుంత తవ్వి, గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి తొక్కుడు పలకలు తొక్కుతూ బాపు జంపఖానాలు నేసేవాడు. ఎరుపు, నీలం, పచ్చ చారల జంపఖానాలు. ఆయన చేతివేళ్ళ సందుల్లో ఏ వారం ఏ రంగు నేస్తే ఆ రంగు ఉండేది. మాట తక్కువ మనిషి. నేసేటప్పుడు పెదవులు మాత్రం కదిలేవి, పోగులు లెక్కపెట్టుకుంటున్నాడని మాకు తెలుసు కనుక అప్పుడు పలకరించేవాళ్ళం కాదు. చాయ్ సాసర్లో పోసుకుని, సగం తాగి, మిగతా సగం భాగ్యక్క ముందుకు జరిపేవాడు. నాకెందుకు జరపడని చిన్నప్పుడు ఏడ్చేదాన్ని. అమ్మ నూలుకు గంజి పెట్టేది, పడుగు సరిచేసేది. అక్క రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. అయిదో తరగతితో బడి మానేసింది. నాకంటే అయిదేళ్ళు పెద్దది. ఆ ఇంట్లో చదువు నా పని, కండెలు అక్క పని. అది ఎప్పుడు ఎవరు నిర్ణయించారో తెలియదు. ఇల్లంతా తడి నూలు వాసన, పులిసిన గంజి వాసన. బడికి వెళ్ళినా నా లంగా జాకెట్లకు అదే వాసన ఉండేది. ఇప్పుడు ఏ బట్టల కొట్లోనైనా కొత్త బట్ట మడత విప్పితే ఆ వాసన రవ్వంత తగిలి, అక్కడే నిలబడిపోతాను.

మొదటి గాయం ఆ గంజి పొయ్యి దగ్గరే అయింది. పొద్దున్నే అమ్మ గంజి దించి, అక్కను కట్టెలు ఎనక్కి లాగమన్నది. నేను వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాను. కాసేపటికి అమ్మ ముక్కు ఎగబీల్చి, "ఏందే గీ కమురు వాసన? గంజి అడుగంటిందా?" అన్నది. అక్క గిన్నెలోకి వంగి చూసింది. "లేదమ్మా, మంచిగనే ఉన్నది" అన్నది. అలా అంటూ నిలబడే ఉంది. అమ్మ తిరిగి చూసి గావుకేక పెట్టింది. "భాగ్యా, కాలు తియ్యే! కాలుతాంది!" అక్క కిందికి చూసుకుంది. ఎడమ పాదం ముందు భాగం ఎర్రటి నిప్పు మీద ఉంది. కాలు తీసి, పక్కన పెట్టి, ఎవరిదో కాలును చూసినట్టు చూసింది. ఏడవలేదు. బాపు మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, ఆమెను చేతుల మీద ఎత్తుకుని వసారాలో కూర్చోబెట్టాడు. తోలు ఊడి తెల్లగా కనపడుతోంది. "నొస్తాందా బిడ్డా?" అని అడిగాడు. "లేదు బాపు" అన్నది అక్క. ఆయన ముఖం విప్పారింది. "నొస్తలేదంటే జల్ది మానుతది తియ్. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ మాట విని మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. నొప్పి లేకపోవడం అదృష్టమనుకున్న ఇల్లు మాది.

మా నాయనమ్మది పాలంపేట దగ్గర పల్లె. పొలాల్లో కొడవళ్ళతో తెగినా, బురదలో నాని కాళ్ళు పుండ్లు పడినా అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళట. బాపుకు వైద్యం ఆమె దగ్గర అబ్బిందే. పెద్ద పెద్ద మందులేం కాదు. గాయపాకు, తుమ్మచెక్క, పసుపు, కానుగ నూనె, అంతే. గాయపాకంటే మీకు తెలుసు, పేరు తెలియకపోవచ్చు. తెల్లటి రెక్కలు, మధ్యలో పసుపు బొడ్డు, పొడుగాటి కాడ మీద ఒంటరిగా నిలబడే చిన్న పువ్వు. గడ్డిచామంతి అంటారు. పిల్లలం దాని ఆకుతోనే పలకలు తుడుచుకునేవాళ్ళం. బాపు దానికోసం తెల్లవారంగనే ఊరి బయట ఎనుమాముల దిక్కు నడిచేవాడు. దారి పక్కన దుమ్ము పడినది, పశువులు తొక్కినది తెచ్చేవాడు కాదు. చేల గట్ల మీద మంచు ఆరకముందు తెంపి, తడి తువ్వాలలో మూటకట్టి తెచ్చేవాడు. ఆ మూట విప్పితే పచ్చి ఆకు వాసన ఇంట్లో గంజి వాసనను కాసేపు పక్కకు తోసేది.

కట్టు మార్చే ఆ గంట ఇంట్లో అన్ని పనులూ ఆగేవి. తుమ్మచెక్క వేసి మరగబెట్టిన నీళ్ళు కావిరంగు తేలి గోరువెచ్చగా చల్లారేవి. బాపు చేతులు మోచేతుల దాకా కడుక్కుని వసారాలో కూర్చుని, అక్క పాదాన్ని ఒడిలో పెట్టుకునేవాడు. పాత కట్టు విప్పి, నీళ్ళు ధారగా పోస్తూ, మెత్తని గుడ్డతో గాయం అంచుల నుంచి లోపలికి కాకుండా లోపలి నుంచి అంచులకు తుడిచేవాడు. చచ్చిన తోలు ఉంటే గోటితో కాదు, నానబెట్టి తీసేవాడు. అమ్మ బండ మీద ఆకు నూరబోతే ఒప్పుకునేవాడు కాదు, తానే నూరేవాడు. చిటికెడు పసుపు వేసి, ముద్ద చేసి, గాయం నిండా పెట్టి, చుట్టూ ఎండిన తోలుకు కానుగ నూనె రాసి కట్టు కట్టేవాడు. ఆ కట్టు గుడ్డ ఆయనే నేశాడు. జంపఖానాల మధ్య ఒక రోజు మగ్గం ఖాళీ చేసుకుని, గంజి పెట్టని సన్న నూలుతో జానెడు వెడల్పు పట్టీలు నేసి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి పెట్టుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా అక్కను నడవనిచ్చేవాడు కాదు. నూలు మూట మీద కాలు ఎత్తి పెట్టి కూర్చోవాలి. నీళ్ళు నేను తేవాలి, వాకిలి అమ్మ ఊడవాలి. "రాణి తీరుగ కూసుంటవు, మంచిగున్నది నీ పని" అని నేను అక్కను ఆటపట్టించేదాన్ని. అక్క నవ్వేది. ఆమెకు నవ్వినప్పుడు ఎడమ బుగ్గ మీద సొట్ట పడేది.

నెలన్నరకు గాయం మానింది. లోపలి నుంచి ఎర్రటి కొత్త కండ వచ్చి, అంచులు దగ్గరికి జరిగి, మీద పలుచటి తోలు కప్పింది. బాపు ఆ పాదాన్ని వెలుతురులోకి తిప్పి చూసుకుంటూ, నేత పూర్తయిన జంపఖానా అంచు తడిమినట్టు తడిమాడు. ఈ సంగతి వాడలో పాకింది. మిరప బస్తాలు మోసే ఒక హమాలీకి పిక్క మీద పుండు ఏళ్ళ తరబడి మానకుండా ఉండేది, ఈగలు తోలుకుంటూ తిరిగేవాడు. అతను మా వసారాకు వచ్చి కూర్చున్నాడు. బాపు రెండు నెలలు అతనికి కట్టు కట్టాడు. మానింది. అతను మా గడప ముందు నిలబడి ఏడుస్తూ దండం పెడితే, బాపు సిగ్గుపడి మగ్గం గుంతలోకి దిగిపోయాడు. ఆ తర్వాత నెలకొకరు, ఇద్దరు వచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. మానిన గాయాలు నా కళ్ళతో చూశాను కనుక చెప్తున్నాను, ఆ ఆకులో బలం ఉంది, ఆయన చేతిలోనూ ఉంది. అదే మా కొంప ముంచింది. ఆకు పనిచెయ్యకపోయి ఉంటే మేం ముందే దవాఖానకు పోయేవాళ్ళం.

ఎందుకంటే అక్క పాదం మానింది గానీ మానినట్టు ఉండలేదు. నడవడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు అదే చోట మళ్ళీ తెరుచుకుంది. ఈసారి నిప్పు లేదు, ముల్లు లేదు. బాపు మళ్ళీ తెల్లవారంగనే ఎనుమాముల దిక్కు నడిచాడు. మళ్ళీ మానింది. తర్వాతి ఎండాకాలం మూడోసారి. "దీనిది ఒళ్ళే పుండ్ల ఒళ్ళు" అని అమ్మ విసుక్కుంది. బాపు మాత్రం ఒక్కనాడూ విసుక్కోలేదు. మగ్గం మీద పని వెనకబడి, జంపఖానాలు తీసుకుపోయేవాళ్ళు గడపలో నిలబడి అరిచిన రోజు కూడా, కట్టు మార్చే గంటలో కట్టు మార్చాల్సిందే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి ఒంటి మీది మచ్చలు పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. ఆడపిల్లలను ఒక గదిలోకి పిలిచి, ఒకామె మా వీపులు, చేతులు చూసింది. మచ్చ ఉన్నవాళ్ళను కళ్ళు మూసుకోమని దూది ఒత్తితో తాకి, ఎక్కడ తగిలిందో వేలుతో చూపమన్నది. అయిపోయాక అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. తెల్లబారిన మచ్చ ఉండి, అక్కడ ముట్టుకున్నా తెలియకపోతే దాచవద్దు, మొదట్లోనే గోలీలు వేసుకుంటే కాళ్ళూ చేతులూ దక్కుతాయి, కాలినా కోసినా నొప్పి తెలియకపోవడం మంచిది కాదు. నా పక్క పిల్లలు కిసుక్కున నవ్వుతున్నారు. నాకు అక్క గుర్తొచ్చింది. అక్క భుజం కింద అరచేయంత మచ్చ ఉండేది. ఆదివారం తలంట్లప్పుడు నూనె రాసేదాన్ని నేనే. అమ్మ దాన్ని శోభి అనేది, వట్టి మచ్చేనని.

ఆ సాయంత్రం అమ్మ బావి దగ్గరికి వెళ్ళగానే, "అక్కా, ఒక ఆట ఆడుదాం, కండ్లు మూసుకో" అన్నాను. రాట్నం ఆపి మూసుకుంది. నూలు పోగు తీసుకుని చేతి మీద తాకించాను. "గిక్కడ" అన్నది. మెడ మీద తాకించాను. "గిక్కడ, గిలిగింతలైతానయ్" అని నవ్వింది. మచ్చ మీద తాకించాను. నవ్వుముఖంతోనే ఎదురుచూస్తూ ఉంది. మళ్ళీ తాకించాను. ఎదురుచూస్తూనే ఉంది. పాదం మీద తాకించాను, వేళ్ళ మధ్య దూర్చి లాగాను. "ఇంకెప్పుడు ముడుతవే?" అన్నది. ఇంకోసారి లాగాను. అక్క కళ్ళు తెరిచి, తన పాదం మీద ఉన్న నా చేతిని చూసింది. తర్వాత నా ముఖం చూసింది. ఆట కాదని ఆమెకు అర్థమైంది. బడిలో విన్నదంతా చెప్పాను. చెప్తుంటే ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"పెద్దరోగమంటవా?" అన్నది చివరికి, గాలి తప్ప గొంతు లేని మాటతో. కుష్ఠును మా వాడలో అట్లనే అనేవాళ్ళు.

"గోలీలేస్తే తక్కువైతదంట అక్కా. బాపుకు చెప్దాం."

నా రెండు చేతులూ పట్టుకుంది. "వద్దు సరోజా. నీ కాళ్ళు మొక్కుత. గా పేరు బయటపడితే బాపు నేసిన జంపఖానా ఎవ్వడన్న కొంటడా? దాని మీద ఎవ్వరన్న కూసుంటరా? నూలు చుట్టేది నేనే గదా. నిన్ను బడికి రానిస్తరా?" నా చేతులు వదలకుండానే, "బాపు మానవెడ్తాండు గదా. మూడుసార్లు మానింది. ఇగ రాదు" అన్నది. నేను సరేనన్నాను. భయంతో అన్నాను. అక్క కోసమేనని ఎన్నోసార్లు నన్ను నేను నమ్మించుకోబోయాను కానీ, బడి పోతుందన్న మాట దగ్గరే నా నోరు మూతపడిందని నాకు తెలుసు.

అట్లా దగ్గర దగ్గర రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో నేను పది పాసయ్యాను, ఇంటర్‌లో చేరాను. అక్కకు నాలుగోసారి, అయిదోసారి పుండు తెరుచుకుంది. బాపు కట్టు కడుతుంటే నేను పక్కన కూర్చుని నీళ్ళు పోసేదాన్ని. ఆయన అడిగేవాడు, "మంటగున్నదా బిడ్డా?" అక్క నా వైపు చూడకుండా, "జర మంటైతాంది బాపు" అని అబద్ధం చెప్పేది. ఆమెకు అప్పటికి నొప్పి నటించడం అలవాటైంది. ఆ తర్వాత కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు లోపలికి ముడుచుకుపోసాగాయి. రాట్నం మీద పోగు జారిపోయేది. కండెలు వదులుగా వస్తున్నాయని బాపు ఒకసారి అంటే, ఆమె ఆ చేతిని పైట కింద దాచుకుంది.

ఒకరోజు ఇల్లిల్లూ తిరిగి మచ్చలు చూసే మనిషి సైకిల్ మీద మా వాడకు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బుగ్గ మీసాలు, భుజానికి సంచి. అమ్మ గడపలోనే నిలబడి, "మా ఇంట్ల అందరు మంచిగనే ఉన్నరు సార్" అన్నది. అక్క వెనక గదిలో తలుపు చాటున ఉంది. అతను సరేనని పక్కింటికి వెళ్ళాడు. నేను పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను కానీ ఒక్క అక్షరం కనపడలేదు. అక్క ముడుచుకున్న వేళ్ళే కనపడుతున్నాయి. లేచి బయటికి నడిచి, వాడ చివర సైకిల్ ఎక్కబోతున్న అతన్ని ఆపి అక్క సంగతి చెప్పాను. అతను నన్ను గద్దించలేదు. "ఎన్ని దినాలైంది బిడ్డా?" అన్నాడు. "ఈ మధ్యనే" అన్నాను. దాచడం ఒక అబద్ధం, ఆ రెండోది కూడా నాదే.

మర్నాడు అతను బాపు కోసం వచ్చినట్టు వచ్చి, మగ్గం పక్కన కూర్చుని, మెల్లగా అక్కను పిలిపించాడు. ఆ తర్వాత దవాఖాన. డాక్టరు చేతులు, కాళ్ళు, మోచేతి దగ్గర నరాలు చూసి, "ఇప్పుడా తెచ్చేది? రెండేళ్ళ కింద తెస్తే వేళ్ళు దక్కేవి. ఆకులు అలములు కట్టుకుంటూ కాలం గడిపారు" అన్నాడు. ఆయన ముందు ఇంకా ఎంతోమంది ఉన్నారు, తల కూడా ఎత్తకుండా అన్నాడు. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ వారం ఆయన వేళ్ళ సందుల్లో నీలం రంగు ఉంది. రెండేళ్ళు అన్న మాట నా ఛాతీలో దిగబడింది. ఆయనకు మాత్రం ఆకులు అలములు అన్న మాటే వినపడింది.

బయటికి వచ్చాక సైకిల్ మనిషి ఆయనను ఆపి చెప్పాడు. "పెద్దాయనా, మీ ఆకు తప్పేం లేదు. గాయం కడుగుడు, కాలు ఎత్తి పెట్టుడు, నడవనియ్యకపోవుడు, మేం గూడ గదే చేపిస్తం. మీ అంత మంచిగ మా దగ్గర ఎవ్వరు కట్టు కట్టరు. గోలీలు లోపలి రోగానికి, మీ ఆకు మీది గాయానికి. రెండు నడవాలె." బాపు తల ఊపాడు. వినలేదు. ఇంటికి వచ్చి, ఆకు నూరే బండను వాకిట్లోంచి ఎత్తి తీసుకెళ్ళి ఇంటి వెనక పారేశాడు. నేసి పెట్టుకున్న కట్టు పట్టీలను గంజి పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత పుండుతో ఎవరు మా గడప తొక్కినా, "నాకు ఏ ఆకు తెల్వది, దవాఖానకు పోండ్రి" అని మగ్గంలోకి దిగిపోయేవాడు.

మందు పనిచేసింది. మొదట తెల్ల గోలీలు, తర్వాత మూడు రకాల మందులు వచ్చాయి. మచ్చ కలిసిపోయింది. రోగం పోయిందని కొన్నేళ్ళకు డాక్టర్లే చెప్పారు. పోయిన స్పర్శ మాత్రం రాలేదు, ముడుచుకున్న వేళ్ళు విచ్చుకోలేదు. అంతకుముందు అక్కను అడిగిపోయిన సంబంధం వాళ్ళు మళ్ళీ మా వాడలో కనపడలేదు. పక్కింటివాళ్ళు బావి దగ్గర మా చేద ముట్టడం మానేశారు. జంపఖానాలు తీసుకుపోయేవాళ్ళు కొన్నాళ్ళు రాలేదు, తర్వాత వచ్చారు. అక్క వీటి గురించి ఏనాడూ మాట్లాడలేదు. ఆమె దుఃఖం వేరే. పుండు మళ్ళీ తెరుచుకున్న ఒక పొద్దున, మగ్గం గట్టు దాకా వచ్చి కూర్చుని, "బాపు, జర ఆకు కట్టరాదూ" అని అడిగింది. ఆయన మగ్గంలో నాడె విసరడం ఆపలేదు. "నా ఆకే నిన్ను కుంటిదాన్ని జేసింది బిడ్డా. మళ్ల ముట్ట" అన్నాడు. మళ్ళీ రెండుసార్లు అడిగింది. తర్వాత అడగలేదు.

నేను టీచర్ ట్రైనింగ్‌కు బట్టలు సర్దుకుంటున్నప్పుడు ఆ సంగతి ఎత్తి, "దవాఖాన మలాం ఉన్నది గదా అక్కా, గదే కట్టుకో" అన్నాను. "మలాం కోసం కాదే" అన్నది. తన పాదాన్ని ఒడిలోకి తీసుకుంది. "బాపు నా కాలు పట్టుకుంటే నాకేం తెల్వకపోతుండె. ఆయన చెయ్యి ఎచ్చగున్నదో సల్లగున్నదో తెల్వది. కండ్లతోనే సూసుకుంట కూసుందును. ఇప్పుడు గది గూడ లేకపాయె." నేను బట్టలు సర్దడం ముగించి పెట్టె మూశాను.

నాకు పాలంపేట దగ్గర ఒక పల్లె బడిలో ఉద్యోగం వచ్చింది. నాయనమ్మ వైపు ఊళ్ళే. చేల గట్ల మీద నడుచుకుంటూ బడికి పోతుంటే కాళ్ళకు గాయపాకు పూలు తగిలేవి, కళ్ళు తిప్పుకుని పోయేదాన్ని. ముసురు పట్టిన ఒక శ్రావణంలో ఇంటి నుంచి కబురు వచ్చింది. అక్క పుండు తెరుచుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కనుక నడుస్తూనే ఉంది, తడి వాకిట్లో పనులు చేస్తూనే ఉంది, పాత చీర గుడ్డ చుట్టుకుని దాన్ని మార్చకుండా ఉంది. జ్వరం వచ్చి పడిపోతే అమ్మ విప్పి చూసింది. నేను దవాఖానకు చేరేసరికి కాలు మోకాలి దాకా వాచి నల్లబారింది. కాలు తీసెయ్యాలన్నారు. జ్వరం దిగితే తీస్తామన్నారు. దిగలేదు. బాపు వరండాలో గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు, లోపలికి రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అక్క కాసేపు తెలివిగా ఉంది. నా చెయ్యి పట్టుకోబోయి వేళ్ళు విచ్చుకోకపోతే, నేనే ఆమె చెయ్యి పట్టుకున్నాను. "సరోజా, మనకు ముందే తెలుసని బాపుకు చెప్పకు. నీ మీద కోపం జేస్తడు" అన్నది. చావుబతుకుల మధ్య ఆమెకు నా మీద పడే కోపం గురించి ఫికర్. సాయంత్రానికి పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు. కబురు చెప్పడానికి నేను వరండాలోకి వస్తే, నా నోరు కదలకముందే బాపు లేచి లోపలికి వెళ్ళాడు. దుప్పటి పక్కకు జరిపి, కట్టు మీదనే ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వదలమని ఎవరు చెప్పినా వదల్లేదు.

ఇప్పుడు ఆ గోలీలు ఊరూరా ఊరికే దొరుకుతాయి. మొదట్లో చూపించుకున్నవాళ్ళకు ఏ గుర్తూ మిగలకుండా పోతుంది. మా ఇంటి చోట రెండంతస్తుల మేడ లేచింది, వాడలో మగ్గం చప్పుడు వెతుక్కున్నా దొరకదు. నా బడిపిల్లలకు ముప్పై ఏళ్ళు నేను ఆ మచ్చల పాఠం చెప్పాను, కళ్ళు మూయించి దూదితో తాకి చూపించాను. ఏ పిల్లయినా భయపడితే వాళ్ళింటికి నేనే వెంట వెళ్ళాను. మంచి టీచరమ్మ అని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా సరేనని నోరు మూసుకున్న ఒక తొమ్మిదో తరగతి పిల్ల నాకు కనపడేది. గాయాలు మానడానికి ఏ ఆకు మంచిదో తెలిసిన మనిషి, గాయం ఎందుకైందో తెలియక కూలిపోయాడు. తెలిసినదాన్ని పక్కనే కూర్చుని నీళ్ళు పోశాను.

అక్క పోయాక బాపు తొమ్మిదేళ్ళు బతికాడు. చివర్లో నా దగ్గరే ఉన్నాడు. చూపు మందగించి, నేత మానేసి, అరుగు మీద కూర్చుని అరచేతులు చూసుకునేవాడు. ఒక మధ్యాహ్నం నేను చాయ్ తెచ్చిస్తే, తాగకుండా పట్టుకుని, "గా ఆకు తోనే గదా బిడ్డా, భాగ్య పోయింది?" అన్నాడు.

"కాదు బాపు" అన్నాను.

"మరెందుకు పోయింది?"

చెప్పవచ్చు. మాకు తెలుసు బాపు, ఇద్దరికీ తెలుసు, రెండేళ్ళు దాచాం, నీ ఆకు ఏ తప్పూ చెయ్యలేదు, తప్పు నాది. అంతే. నాలుగు మాటలు. అక్క వద్దన్నదని నాకు నేను చెప్పుకున్నాను. ఆమె మాటను అడ్డం పెట్టుకుని ఆయన ముఖంలోకి చూడలేక, "నీ ఆకు తోని కాదు, గంతే" అని మాత్రం అన్నాను.

బాపు నా వైపు తల తిప్పాడు. తర్వాత నెమ్మదిగా నవ్వాడు. "నా మనసు కోసం అంటానవ్ తియ్" అని, చాయ్ సాసర్లో పోసుకున్నాడు.